‘దెయినొస్’ ఆరోపం: లిడెల్–స్కాట్ గ్రీకు నిఘంటువును ఏళ్లపాటు వాడాక

1940 నాటి తొమ్మిదో కూర్పు గురించి గ్రీకు చదివేవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇక్కడ రాస్తున్నది అందులో ‘దెయినొస్’ అనే ఒక్క ఆరోపం (నిఘంటువులో అర్థాలతో ఇచ్చిన మాట) గురించే. భయంకరం, మహాబలం, వింత, నేర్పు: ఇన్ని అర్థాలున్న ఈ విశేషణాన్ని విడదీసే తాళంచెవి అర్థాల వరుసలో కాదు, ప్రతి అర్థం పక్కన చూపించిన వాక్యనిర్మాణంలో ఉంది. నాకు అపురూపంగా తోచేది అదే.

మనిషిని చెబుతూ వెంట తుమున్నర్థకం (‘చెప్పడం’, ‘చెప్పడానికి’ లాంటి క్రియారూపం) వస్తే నేర్పు: ‘దెయినొస్ లెగెయిన్’ అంటే మాటల్లో దిట్ట. నపుంసకలింగంలో ‘దెయినొన్’ తర్వాత ‘మే’ (వద్దు, కాకూడదు అనే మాట) వస్తే, ఏం జరుగుతుందోనన్న భయం. క్రియావిశేషణమైతే (‘నొ’ దీర్ఘమై ‘దెయినోస్’) చాలాసార్లు ఉత్త ‘మహా’యే. చరిత్రకారుడు హెరొడొటస్ ఐబిస్ పక్షి నలుపును అలాగే చెప్పాడు.

సూత్రం బోల్తాపడేది ‘ఇదెయిన్’ (చూడటం) దగ్గర. సోఫోక్లీస్ నాటకంలో కళ్లు పొడుచుకుని బయటికొచ్చిన ఈడిపస్‌ను చూసి కోరస్ ‘దెయినొన్ ఇదెయిన్’ అని విలపిస్తుంది. తుమున్నర్థకం ఉంది కదా అని నేర్పు వెతికితే వాక్యం చెడిపోతుంది. అక్కడి అర్థం ‘చూడలేని ఘోరం’. తేడా కర్తలో ఉంది. ‘లెగెయిన్’లో మాట్లాడేది దెయినొస్ అనిపించుకున్నవాడే, ‘ఇదెయిన్’లో చూసేది ఇతరులు, ఘోరమైనది వాళ్ల చూపుకి కర్మ. అందుకే తుమున్నర్థకం కనబడగానే దాని కర్త ఎవరో ముందు తేల్చుకోవాలి.

అలా తేల్చుకున్నా సోఫోక్లీస్ మరో నాటకం ‘అంతిగొనే’లో 332వ పంక్తి లొంగదు. దెయినొస్ అయినవి ఎన్నో, మనిషిని మించినది లేదు అంటుంది కోరస్. నిఘంటువు దీన్ని ఏదో ఒక అర్థం అంకె కింద పెట్టక తప్పదు, పంక్తికేమో భయమూ అబ్బురమూ రెండూ కావాలి. గ్రీకులకే ఇది తగువు: ప్లేటో ‘ప్రొతాగొరస్’లో సోక్రటీస్ చెప్పే ప్రకారం, మెచ్చుకోలుగా ఈ మాట వాడితే, మాటల అర్థాల్లో తేడాలు ఎంచే పండితుడు ప్రొదికొస్ మందలించేవాడు. దెయినొస్ రోగం, దెయినొస్ యుద్ధం అంటారు గానీ దెయినొస్ ఆరోగ్యం అనరు కదా అని అతని వాదన. తెలుగులో మనిషికైతే ‘అసాధ్యుడు’ చక్కగా అతుకుతుంది. అంతిగొనే పంక్తికి మాత్రం అదీ చాలదు.

నేను చదివేది ఎక్కువగా ఏథెన్స్ నాటకం, వచనం కాబట్టి ఈ ఆరోపం నాకు బాగా పనికొచ్చింది. హోమర్ ఒక్కడినే చదివేవారికి నేర్పు అర్థంతో పనిపడదు. ఇలియడ్ మూడో సర్గలో హెలెన్ మామగారు ప్రయమ్‌ను ‘దెయినొస్’ అంటుంది; అక్కడ ‘భయంకరుడు’ అని రాస్తే తప్పు, మన ‘భయభక్తులు’ సరిపోతుంది.