ఎనిమిదేళ్లుగా మా ఇంటి గోడల్లో క్యాట్6

తెనాలిలో మేం ఇల్లు కట్టుకున్నది 2017లో. కరెంటు పైపులు వేయిస్తున్నప్పుడే, వాటికి దూరంగా నెట్ కేబుల్ కోసం వేరే పైపులు వేయించాను. కింద నాలుగు, పైన నాలుగు, డాబా మీద ఒకటి, గేటు దగ్గర కెమెరాకి ఒకటి, మొత్తం పది పాయింట్లు. ఇంట్లోకి 305 మీటర్ల క్యాట్6 (నెట్ కేబుల్‌లో ఒక రకం) బాక్సు ఒకటి కొన్నాను. గేటుకి మాత్రం తక్కువలో వస్తోందని విడిగా క్యాట్5ఈ అనే కింది రకం కేబుల్ చుట్ట ఒకటి తెచ్చాను. ఆ చుట్ట నాకు నేర్పినంత పాఠం ఇంకేదీ నేర్పలేదు, అందుకే ముందు దాని గురించే చెబుతాను.

గేటు కెమెరా పగలంతా చక్కగా పనిచేసేది. చీకటి పడగానే ఆగిపోయి, మళ్లీ తనంతట తానే మొదలయ్యేది. నాలుగు నిమిషాలకోసారి ఇదే వరస. కెమెరా పాడైందనుకుని మార్చాను, అడాప్టర్ మార్చాను, రెండు నెలలు టెన్షన్ పడ్డాను. చివరికి ఒక రాత్రి స్టూలు వేసుకుని, కెమెరా చివర మల్టీమీటర్ పెట్టి చూశాను. ఇంట్లోంచి ఆ కేబుల్‌లోనే 12 వోల్టులు పంపిస్తుంటే అక్కడికి 9 కూడా చేరడం లేదు. పొద్దున చూస్తే 11కి కాస్త తక్కువ ఉంది. రాత్రి చూపుకి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ 33 మీటర్ల దారిలోనే వోల్టేజీ కరిగిపోతోంది.

ఆ కేబుల్ ముక్క ఒకటి కోసి, బ్లేడుతో తీగని గీకాను. పైన రాగిరంగు పొర పోగానే లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం! షాపుల్లో సీసీఏ అంటారు, అంటే అల్యూమినియం తీగకి రాగి పూత. దాని నిరోధం అసలు రాగి కంటే ఒకటిన్నర రెట్లకి పైనే. పెళుసు కూడా, నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. క్యాట్5ఈ, క్యాట్6 ప్రమాణాలు అడిగేది రాగి తీగనే. కాబట్టి సీసీఏ కేబుల్ మీద ఏ నంబరు అచ్చేసినా అది ఆ ప్రమాణానికి సరిపోనట్టే. ఇంట్లో మిగిలిన క్యాట్6 ముక్క గీకి చూశాను, లోపలి దాకా రాగే. దాన్నే గేటుకి లాగాక రాత్రిపూట కూడా కెమెరా దగ్గర 10 దాటి వస్తోంది. అప్పటి నుంచి ఆ కెమెరా ఆగలేదు. కొనేముందు జానెడు ముక్క అడిగి గీకి చూడండి. బాక్సు బరువు పట్టి చూసినా తెలిసిపోతుంది, అల్యూమినియంది తేలిగ్గా ఉంటుంది.

రెండో తలనొప్పి పై గది పాయింటుతో వచ్చింది. కేబుల్ మంచిదే, కేబుల్ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి, కానీ నెట్ మాత్రం తడబడేది. ఒకసారి గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్లు) చూపించి, కాసేపటికి 100కి పడిపోయేది. సాకెట్ విప్పితే సంగతి తెలిసింది. కేబుల్‌లో ఎనిమిది తీగలు రెండేసి పేనిన నాలుగు జతలుగా ఉంటాయి. వైరింగ్ చేసినతను రెండు చివర్లా నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని చూడముచ్చటగా వరసపెట్టి బిగించాడు. ఒకటో పిన్ను ఒకటికి, రెండు రెండుకి సరిగ్గా చేరుతున్నాయి కాబట్టి టెస్టర్‌కి అందులో తప్పేమీ కనిపించదు. ఈ కేబుళ్ల మీద నెట్ నడిపే పద్ధతి ఈథర్నెట్, దాని లెక్క అది కాదు. 3, 6 పిన్నులు రెండూ ఒకే జతలోవి అయి ఉండాలి, వాటి నడుమ 4, 5 ఇంకో జత. మధ్య జత టెలిఫోన్‌కి వాడిన రోజుల నుంచి వచ్చిన అమరిక ఇది. సరైన వరస ఇదీ: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ వరస పేరే టీ568బీ.

రంగు కంటే మెలిక ముఖ్యం. రెండు తీగల్నీ పేనినందువల్ల బయటి విద్యుత్ రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది, అవతలి చివర రెండింటి తేడా మాత్రమే తీసుకుంటారు కాబట్టి ఆ రొద పోతుంది. తొడుగు ఒలిచి చూస్తే నాలుగు జతల మెలికలు నాలుగు రకాలుగా, ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా కనిపిస్తాయి. జతలు పక్కపక్కనే ఉన్నా ఒకదాని మాట ఇంకోదానికి వినపడకుండా చేసిన ఏర్పాటు అది. నాకు ఈ కేబుల్‌లో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. సాకెట్ దగ్గర ఆ మెలికని 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదు. నేను పదింటినీ విప్పి మళ్లీ బిగించాను, ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఆ పై గది ఆ తర్వాత ఎప్పుడూ 100కి పడలేదు.

ఇక వేగం సంగతి. గిగాబిట్‌లో ఫైళ్లు సెకనుకి 110 మెగాబైట్ల దాకా కాపీ అయ్యేవి. రెండేళ్ల కిందట స్టోరేజీ బాక్సుకీ నా కంప్యూటర్‌కీ 2.5 గిగాబిట్ కార్డులు వేసి, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ మార్చాను. గోడలో కేబుల్ ముట్టుకోలేదు. అదే కాపీ ఇప్పుడు 280 దగ్గర నడుస్తోంది. ఆ 2.5, 5 గిగాబిట్ల ప్రమాణం 2016లో వచ్చింది. అప్పటికే గోడల్లో ఉన్న క్యాట్5ఈ, క్యాట్6లని పీకకుండా వాడుకోవాలన్నదే దాని ఉద్దేశం. 10 గిగాబిట్లకి 100 మీటర్లు వెళ్లాలంటే క్యాట్6 కంటే మెరుగైన క్యాట్6ఏ కావాలి. క్యాట్6 మీద 55 మీటర్ల వరకే, అదీ కేబుళ్లు కట్టలుగా బిగించకపోతే. మా ఇంట్లో ఇంటిలోపలి పొడవైన లైను 22 మీటర్లు, కాబట్టి దిగులు లేదు.

క్యాట్7 అని రాసి అమ్మే ప్యాచ్ కార్డు (రెండు చివర్లా కనెక్టర్లున్న చిన్న కేబుల్) ఒకటి కొన్నాను, మామూలు నెట్ సాకెట్లలో పట్టే ఆర్‌జే45 కనెక్టర్‌తోనే వచ్చింది. అసలు క్యాట్7కి అనుకున్న కనెక్టర్లు వేరు, అమెరికాలో కేబుల్ ప్రమాణాలు రాసే టీఐఏ సంస్థ ప్రమాణాల్లో ఆ నంబరే లేదు. ఆ డబ్బు వృథా. క్యాట్8 డేటా సెంటర్లలో 30 మీటర్ల లోపు 25, 40 గిగాబిట్లకి చేసింది, ఇళ్లకి దాని అవసరం రాదు.

డాబా మీద ఎండలో పడున్న బూడిదరంగు కేబుల్ తొడుగు మూడేళ్లకే పగుళ్లిచ్చింది. బయటికి నల్ల పాలిథీన్ తొడుగున్న అవుట్‌డోర్ కేబులే వేయాలి, నేను మార్చేశాను. గేటు లైను మాత్రం 2021 వానల్లో ఒక పిడుగుకి స్విచ్ పోర్టుని తినేసింది. ఇప్పుడు ఆ చివర పిడుగు దెబ్బని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఉంది.

వచ్చే నెల పైన ఇంకో గదికి స్లాబ్ వేస్తున్నారు. దానికి అంగుళం పైపు చెప్పాను, లోపల క్యాట్6ఏ వేద్దామని. అది లావుగా ఉంటుంది, బిగువు వంపుల్లో తిరగదు, అందుకే మూలల్లో ఎల్బోలు వద్దని, పైపునే వెడల్పుగా వంచమని మేస్త్రీకి చాక్‌పీసుతో గోడ మీద గీసి చూపించాను.