దూరంగా ఉన్న తల్లిదండ్రులకు ఉమ్మడి కస్టడీ: వారాంతాలా, సెలవులా?

భార్యాభర్తలు విడిపోయాక బిడ్డ విశాఖలో తల్లి దగ్గర, తండ్రి హైదరాబాద్‌లో అనుకుందాం. బిడ్డ పెంపకం ఇద్దరిదీ (అదే ఉమ్మడి కస్టడీ). మరి తండ్రి వారాంతాల్లో విశాఖ వచ్చి కలవాలా, సెలవుల్లో బిడ్డే తన దగ్గరకు వెళ్లాలా?

ఖర్చు: వారాంతాలైతే నెలనెలా టికెట్లు, పైగా హోటల్ గది. సెలవులైతే దసరాకి, సంక్రాంతికి, వేసవికి ప్రయాణాలు చాలు.

శ్రమ: వారాంతమంటే రాత్రంతా రైలు, పార్కులో కాసేపు, మళ్లీ రైలు. సెలవుల్లో వంట, హోంవర్క్, జ్వరమొస్తే డాక్టరు, అన్నీ తండ్రివే. అసలు పెంపకం అదే కదా!

రిస్క్: వారాంతంలో రిజర్వేషన్ దొరక్కపోతే కలవడం వాయిదా. సెలవుల పద్ధతిలో మధ్యలో నెలల ఎడబాటు. అందుకే రోజువారీ వీడియో కాల్, దాని టైముతో సహా, కోర్టు ఉత్తర్వులో రాయించుకోవాలి. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి కాల్స్‌ని హక్కుగానే చూసింది.

పసిపిల్లలైతే వారాంతాలే నయం, ఎంత టెన్షనైనా. బడికెళ్లే వయసైతే నా ఓటు సెలవులకే. బడి మార్పు, ఆపరేషన్ లాంటివి ఇద్దరూ కలిసే నిర్ణయించాలని ఏ పద్ధతైనా ఉత్తర్వులో రాయించుకోండి.