ఎంఐటీఎఫ్: అణచడం మేలా, పెంచడం మేలా?

చిన్న కళ్లు, తెల్లటి ఒళ్లు. 1942లో జర్మనీలో పౌలా హెర్ట్‌విగ్ వర్ణించిన ఎలుకలు అలా ఉండేవి. వాటిలో దెబ్బతిన్న జన్యువేదో తెలియడానికి 1993 దాకా పట్టింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనే ఎంఐటీఎఫ్. డీఎన్ఏకి అతుక్కుని ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే ప్రోటీన్లలో ఇదొకటి. చర్మంలో రంగు కణాలు బతకాలన్నా, ఒంటికి రంగునిచ్చే మెలనిన్ తయారుచేయాలన్నా దీని మాట చెల్లాలి. ఆ కణాలే అదుపు తప్పితే వచ్చే క్యాన్సర్ మెలనోమా. అక్కడా చాలావరకు పెత్తనం దీనిదే.

పెత్తందారుని పడగొడితే క్యాన్సరూ పడిపోవాలి కదా? 2005లో కొన్ని మెలనోమాల్లో ఈ జన్యువు కాపీలు ఎక్కువగా ఉన్నాయని తేలాక ఈ ఆలోచనకు బలమొచ్చింది. మరుసటి ఏడాదే శాస్త్రవేత్త కాలిన్ గోడింగ్ బృందం వేరే సంగతి చెప్పింది: ఎంఐటీఎఫ్ తగ్గిన కణం పెరగడం తగ్గించుకుని, చుట్టుపక్కలకి చొచ్చుకుపోవడం మొదలుపెడుతుంది.

కాబట్టి ఇది స్విచ్ కాదు, ఫ్యాన్ రెగ్యులేటర్. అదీ కాస్త తిక్క రెగ్యులేటర్. సున్నాకి దించితే కణం ఆగిపోతుంది, లేదా చచ్చిపోతుంది. ఒకటి మీద మెల్లగా పెరుగుతూ పక్కకి పాకుతుంది. మూడు మీద జోరుగా పెరుగుతుంది. ఐదుకి తిప్పితే మాత్రం బుద్ధిగా రంగు తయారుచేసుకుంటూ విభజన మానేస్తుంది. ఒకే కణితిలో ఒకటి మీదున్నవీ మూడు మీదున్నవీ పక్కపక్కనే ఉంటాయి. అవి అటూ ఇటూ మారడానికి కొత్త జన్యుమార్పులేమీ అక్కర్లేదు.

పాథాలజీ ల్యాబ్‌లో స్లైడ్ మీద ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఎంఐటీఎఫ్‌ని పట్టిచ్చే రంగు వేస్తే కణాల కేంద్రకాలే రంగు పడతాయి, ఆ ప్రోటీన్ పనిచేసేది అక్కడే కనుక. మామూలుగా వాడేది గోధుమ రంగు. తీరా చూస్తే మెలనిన్ కూడా గోధుమే, ఏది ఏదో తెలిసి చావదు! అందుకే చాలాచోట్ల ఎరుపు వాడతారు. ఒక మూల చిక్కటి ఎర్ర చుక్కలు, ఇంకో మూల వెలిసిపోయినవి కనిపిస్తే ఆ కణితిలో రెండు రకాల కణాలూ ఉన్నట్టే.

ఇక మందుల సంగతి. విచిత్రమేమిటంటే రెండు దారుల్లోనూ వేరే జబ్బులకి వాడే పాత మందులే పరీక్షకి నిలిచాయి.

అణిచే దారిలో నెల్ఫినావిర్, హెచ్ఐవీ మందు. చర్మపు మెలనోమాల్లో దాదాపు సగానికి బ్రాఫ్ జన్యువులో మార్పు ఉంటుంది. దాన్ని అడ్డుకునే మందు పడగానే కొన్ని కణాలు ఎంఐటీఎఫ్‌ని పెంచుకుని ఆ దెబ్బని ఓర్చుకుంటాయి. నెల్ఫినావిర్ ప్యాక్స్‌3 అనే మరో ప్రోటీన్‌ని తగ్గించి, దాని ద్వారా ఎంఐటీఎఫ్‌ని దించుతుంది. దాంతో ఎలుకల్లో బ్రాఫ్ దారి మందులు (బ్రాఫ్ నడిపే సంకేతాల దారిని అడ్డుకునేవి) మెరుగ్గా పనిచేశాయని 2016లో మాంచెస్టర్ బృందం చూపించింది.

బాగానే ఉంది, కానీ దించాక చావకుండా మిగిలిన కణాల మాటేమిటి? ఎంఐటీఎఫ్ తక్కువై, యాక్సెల్ అనే ప్రోటీన్ ఎక్కువైన కణాలు ఇవే మందులకి మొదటినుంచీ లొంగవని 2014లో తేలింది. పైగా మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాలు (టి-సెల్స్) మెలనోమాని గుర్తుపట్టే మార్ట్‌-1, జీపీ100 లాంటి ఆనవాళ్లు ఎంఐటీఎఫ్ చేయించేవే. అది పడిపోతే పోలీసుల ముందు దొంగ మొహం మార్చుకున్నట్టే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

పెంచే దారిలో మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికీ సోరియాసిస్‌కీ వారానికోసారి వేసుకునే మాత్ర, చాలా ఇళ్లలో ఎరిగినదే. 2013లో స్పెయిన్‌లోని ముర్సియా, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దీంతో మెలనోమా కణాల్లో ఎంఐటీఎఫ్‌ని పెంచారు. కణాలు పాకడం తగ్గించాయి, మెలనిన్ చేసే టైరోసినేజ్ ఎంజైమ్‌ని ఎక్కువ చేశాయి. అప్పుడు టీఎంఈసీజీ అనే రెండో మందు వేశారు. టీ ఆకులోని కాటెచిన్‌ని మార్చి చేసిన పదార్థం ఇది. టైరోసినేజ్ తగిలితేనే విషమవుతుంది. అంటే కణం చేసుకున్న ఎంజైమే దాని గొంతు కోస్తుంది. (గ్రీన్ టీ తాగితే ఈ పని జరగదు. ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి.)

నన్నడిగితే పెంచడమే మేలు. అణచితే మిగిలినవి చెల్లాచెదురవుతాయి, పెంచితే అన్నీ ఒకే రకంగా మారి ఒకే దెబ్బకి దొరుకుతాయి. లోపాలు లేకపోలేదు. మామూలు రంగు కణాల్లోనూ టైరోసినేజ్ ఉంటుంది. ఎంఐటీఎఫ్‌ని పైనుంచి నడిపే సాక్స్‌10 అనే ప్రోటీన్ పూర్తిగా పోయిన కణాల్లో ఇది ఎంతవరకు పనిచేస్తుందో నాకు అనుమానమే.

డాక్టరు ఈ రెండింటిలో ఏదో ఒకటి రాస్తారని మాత్రం అనుకోవద్దు. బ్రాఫ్ మార్పు ఉన్న ముదిరిన మెలనోమాలో అసలు పోటీ ఇమ్యూనోథెరపీకీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) బ్రాఫ్ దారి మందులకీ మధ్య. ఏది ముందు అన్నదానిపై డ్రీమ్‌సెక్ అనే ట్రయల్ జరిగింది. ఇమ్యూనోథెరపీ ముందు తీసుకున్నవారిలో రెండేళ్ల తర్వాత 71.8 శాతం బతికి ఉన్నారు. బ్రాఫ్ దారి మందులు ముందు తీసుకున్నవారిలో ఆ సంఖ్య 51.5 శాతం. తేడా చిన్నది కాదు.

మన దగ్గర లెక్క ఇంకాస్త వేరు. మెలనోమా అరుదు, వచ్చినప్పుడు తరచూ అరికాల్లోనో గోటి కిందో వస్తుంది. ఆనెకాయ అనుకునో, రాయి తగిలి కమిలిందనుకునో నెలలు గడిపేస్తారు. ఈ రకంలో బ్రాఫ్ మార్పు తక్కువమందికే ఉంటుంది. కాబట్టి బ్రాఫ్ మందుకి తోడుగా వెళ్లాల్సిన నెల్ఫినావిర్ దారి వీళ్లలో చాలామందికి అందదు. ముర్సియా వాళ్ల పద్ధతి బ్రాఫ్ మార్పు ఉన్నా లేకపోయినా పనిచేసింది. నేను అటు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.