చేరవలసిన చోటే లేనివాడు: ‘ది అంబ్రెల్లా అకాడమీ’ సమీక్ష

నెట్‌ఫ్లిక్స్‌లో 2019 ఫిబ్రవరిలో మొదలై 2024 ఆగస్టులో నాలుగో సీజన్‌తో ముగిసిన ‘ది అంబ్రెల్లా అకాడమీ’ పేరుకు సూపర్‌హీరో సిరీస్ అయినా, చూశాక మనసులో నిలిచేవి అందులోని పోరాటాలు కావు, శిథిలాలు. జెరార్డ్ వే రాయగా గాబ్రియెల్ బా బొమ్మలు గీసిన కామిక్స్ దీనికి ఆధారం. 1989 అక్టోబరు 1న వింత పరిస్థితుల్లో పుట్టిన 43 మంది శిశువుల్లో ఏడుగురిని ఒక కోటీశ్వరుడు తెచ్చి, అంకెలతో పిలుస్తూ పెంచుతాడు. వారిలో ఐదో కుర్రవాడికి చివరిదాకా ఆ అంకే పేరు.

ఈ ఫైవ్ పదమూడేళ్ల వయసులో భోజనాల బల్ల దగ్గర తండ్రితో వాదించి, వద్దన్నా వినకుండా భవిష్యత్తులోకి దూకుతాడు. దూకాక చూస్తే నగరమంతా బూడిద, వెనక్కి వచ్చే దారి లేదు. అక్కడ దాదాపు 45 ఏళ్లపాటు, దుకాణాల్లో బట్టలు తొడిగి నిలబెట్టే బొమ్మ ఒకటి సగం మిగిలి ఉంటే దానికి డొలోరెస్ అని పేరు పెట్టుకుని మాట్లాడుతూ, డబ్బాల్లో మిగిలిన తిండీ బొద్దింకలూ తిని బతుకుతాడు. ట్వింకీ కేకులు ఎన్నటికీ పాడవవన్నది శుద్ధ అబద్ధమని ఆ తర్వాత ఎప్పుడో విసుగ్గా చెబుతాడు. రెప్పపాటులో ఎక్కడికైనా చేరగల శక్తి ఉన్నవాడికి చేరవలసిన చోటంటూ లేకుండా చేయడమే ఈ కథలోని అసలైన ఊహ అని నా అభిప్రాయం.

మామూలు సూపర్‌హీరో కథలో నగరం చివరికి దక్కుతుందని ప్రేక్షకుడికి ముందే తెలుసు గనుక, ప్రమాదం ఎంత పెద్దదైనా గుండె అదరదు. ఇక్కడ ఓటమినే ముందు చూపించేశారు: తోబుట్టువుల శవాలు, వారిలో ఒకరి గుప్పిట్లో ఒక గాజు కన్ను. యాభై ఎనిమిదేళ్ల మనసుతో, పదమూడేళ్ల శరీరంతో 2019కి తిరిగొచ్చిన ఫైవ్ యుగాంతానికి మిగిలిన ఎనిమిది రోజుల గడువులో ఆ కన్ను పట్టుకుని తయారీ సంస్థకు వెళితే, ఆ సంఖ్య గల కన్ను ఇంకా తయారే కాలేదని చెబుతారు. ఇంత పొడి మాట పుట్టించే భయం ఏ పేలుడుకూ రాదు. ముసలివాడి అలసటనూ, కాఫీ దొరకనప్పటి చిరాకునూ ఆ లేత ముఖంలో పలికించిన ఏడన్ గాలగర్ నటన చాలా గొప్పది.

అయితే ఒకసారి పండిందని ప్రతి సీజన్‌లోనూ యుగాంతాన్నే తెచ్చారు. 1963 నాటి డల్లాస్‌లో అణుయుద్ధం ముంచుకొచ్చే రెండో సీజన్ హాస్యం వల్ల నిలబడింది గానీ, మూడో సీజన్‌లో విశ్వమే మాయమవుతున్నా చలించలేకపోయాను. ఆరు భాగాలకు కుదించిన నాలుగో సీజన్‌లో హడావుడే తప్ప నష్టాన్ని తలచుకునే తీరిక ఎవరికీ లేదు. హింస ఎక్కువ కనుక పిల్లలతో కూర్చుని చూడదగినది కాదు. పెద్దలు మొదటి సీజన్‌లోని పది భాగాలనూ తప్పక చూడవచ్చు; రెండోది నచ్చితేనే మూడోదానికి వెళ్లాలి.