పాత హబ్బా, కొత్త జీహెచ్చా?

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర రూమ్ నాది, సాయంత్రమైతే ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, బ్రౌజర్‌లో గిట్‌హబ్ (కోడ్ పెట్టుకుని పంచుకునే సైట్) పేజీ తిరుగుతానే ఉంటాది, అందుకే టెర్మినల్‌లోనే, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలోనే, పని కానిచ్చేద్దామని హబ్ (hub), జీహెచ్ (gh) అనే రెండు టూల్సూ వాడి చూసాను.

హబ్ అంటే గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే టూల్) మీద వేసిన తొడుగులాంటిది, గిట్ అనే పేరుకే దాన్ని ఏలియాస్ (మారుపేరు) పెట్టేస్తే మామూలు కమాండ్లు కూడా అలాగే నడుస్తాయి, క్లోన్‌కి, అంటే కోడ్ మన సిస్టమ్‌లోకి దింపుకోడానికి, మొత్తం యూఆర్ఎల్ కొట్టక్కర్లేదు, ఓనర్ పేరు, స్లాష్, రిపో (ప్రాజెక్ట్) పేరు చాలు. చేతికి భలే అలవాటైపోద్ది.

జీహెచ్ అలా కాదు, గిట్‌కి పక్కన వేరే కమాండ్‌గా ఉంటాది. గిట్‌హబ్ వాళ్ళదే, 1.0 వచ్చింది 2020 సెప్టెంబర్‌లో. నాకు నచ్చిందేటంటే లాగిన్. 2021 ఆగస్టులో పాస్‌వర్డ్‌తో పుష్ చెయ్యడం (మన కోడ్ గిట్‌హబ్‌కి పంపడం) ఆపేసారు కదా, అప్పుడు మా తమ్ముడు టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడేది) ఎక్కడ పెట్టాలో తెలీక రాత్రంతా కూకున్నాడు పాపం. 'జీహెచ్ ఆథ్ లాగిన్' కొడితే 8 అక్షరాల కోడ్ ఇస్తాది, అది బ్రౌజర్‌లో ఎక్కిస్తే అయిపోయినట్టే. ఎవరిదైనా పుల్ రిక్వెస్ట్ (తమ మార్పులు కలుపుకోమని పంపేది, పీఆర్ అంటే అదే) టెస్ట్ చెయ్యాలా, 'జీహెచ్ పీఆర్ చెకౌట్ 12' కొడితే (12 దాని నంబరు) వాళ్ళ బ్రాంచ్, అంటే వాళ్ళ మార్పులున్న కోడ్, మన సిస్టమ్‌లో దిగిపోద్ది.

ఈ చెకౌట్ హబ్‌లోనూ ఉంది గానీ కొత్తోళ్ళకి నాను జీహెచ్చే చెప్తాను. నా లాప్‌టాప్‌లో హబ్ ఇంకా తీసెయ్యలేదు, ఆ ఏలియాస్ అలవాటు పోవట్లేదు మరి.