లేక్ ఫోర్క్‌లో క్రాఫిష్ ఎరలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ చెరువులో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం గాలం వేసేవారికి క్రాఫిష్ (రొయ్యను పోలిన, డెక్కలున్న మంచినీటి జీవి) ఆకారపు మెత్తని ప్లాస్టిక్ ఎరలు బాగా తెలిసినవే. నేను కొన్నేళ్లుగా రెండింటిని విడవకుండా వాడుతున్నాను. ఒకటి నాలుగంగుళాల స్ట్రైక్ కింగ్ రేజ్ క్రా. రెండోది బాగా సాగే ఎలాజ్‌టెక్ అనే పదార్థంతో చేసిన, రెండున్నర అంగుళాల జీమ్యాన్ టీఆర్‌డీ క్రాజ్. రెండూ మంచివే కానీ, ఒకటి చేసే పని మరొకటి చేయదు.

పెద్దదానికి టెక్సస్ రిగ్, అంటే హుక్ మొనను ఎరలోనే దాచే కట్టు, తగినది. లైన్‌కు తూటా ఆకారపు టంగ్‌స్టన్ గుండు ఎక్కించి, 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (మెడ దగ్గర వంకర ఉన్నది) కడతాను. నాచు పలచగా ఉన్నచోట 1/4 ఔన్సు గుండు చాలు; మునిగిన చెట్ల మధ్య 3/8 కావాలి. నిజమైన క్రాఫిష్ బెదిరినప్పుడు తోక కొట్టుకుంటూ వెనక్కి పారిపోతుంది కాబట్టి, ఎరలోనూ తోక వైపే ముందుభాగం. హుక్ మొనను అక్కడ గుచ్చి, పావంగుళం లోపలికి పోనిచ్చి, పొట్ట వైపు బయటికి తీసి, హుక్ కన్ను (లైన్ కట్టే రంధ్రం) ఎర మొదట్లో కూర్చునేదాకా లాగి సగం తిప్పాలి. ఆపైన ఎరను నిటారుగా వేలాడదీసి, హుక్ వంపు ఎక్కడ ఆనుతుందో చూసుకొని సరిగ్గా అక్కడే మొనను వీపు మీదికి తీసి, పైపొరలో దాచాలి. ఈ కొలత కాస్త తప్పినా ఎర మధ్యలో ఉబ్బి, దిగేటప్పుడు గిరగిరా తిరుగుతూ లైన్‌ను మెలిపెడుతుంది. రంగుల మీద చూపే శ్రద్ధలో సగమైనా దీనిమీద చూపితే ఎక్కువ చేపలు పడతాయని నా గట్టి అభిప్రాయం. రంగుకైతే తేటనీటిలో గ్రీన్ పంప్‌కిన్ (గోధుమ కలిసిన ఆకుపచ్చ), బురదనీటిలో నలుపు నీలం సరిపోతాయి.

చిన్నదాన్ని పుట్టగొడుగు తలలాంటి బరువున్న హుక్‌కు, అంటే జిగ్‌కు గుచ్చుతాను. ఎలాజ్‌టెక్ నీటిలో తేలే పదార్థం కనుక, జిగ్ తల అడుగున ఆనగానే ఎర వెనకభాగం పైకి లేచి, శత్రువును ఎదిరించే క్రాఫిష్ మాదిరిగా డెక్కలెత్తి నిలబడుతుంది. దీని బలమంతా ఆ నిలకడలోనే ఉంది. అందువల్ల గుంజుతూ ఉండకుండా, అంగుళమో రెండంగుళాలో జరిపి, చాలాసేపు వదిలేయాలి. చల్లని నీటిలో, రాళ్లు పరిచిన ఒడ్డున దీనికి సాటి వచ్చేది నా దగ్గర మరొకటి లేదు. అయితే మొన బయటికే ఉంటుంది కాబట్టి కొమ్మల్లోకి విసరకూడదు.

రెండింటిలోనూ చేప ఎరను నోట పట్టడం చేతికి తెలిసేది కొద్దిసార్లే. లైన్ మెల్లగా పక్కకు జరగడమో, బరువు ఒక్కసారిగా తేలిపోవడమో జరిగితే హుక్ గుచ్చుకునేలా వెంటనే గట్టిగా లాగాలి. ఈ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను నీటిలోకి వదిలేయాలన్న నియమం ఉంది కనుక, ఎరను లోతుగా మింగనివ్వకపోవడం మరీ ముఖ్యం.

ఎలాజ్‌టెక్‌ను మామూలు ప్లాస్టిక్ ఎరలతో ఒకే డబ్బాలో పెట్టకండి. కరిగి ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాటి ప్యాకెట్‌లోనే ఉంచితే చాలాకాలం నిలుస్తాయి.