పిండివంటలకు ముందు చిమ్నీ క్లీనింగ్: ఫిల్టర్ సరే, డక్టు సంగతేంటి?

సంక్రాంతికి వారం ముందే ఇళ్లలో మూకుళ్లు పొయ్యెక్కుతాయి. సకినాలు, అరిసెలు, చేగోడీలు... పూటలకు పూటలు నూనె కాగుతూనే ఉంటుంది. ఏడాదంతా పోపుల పొగ తాగిన చిమ్నీ ఆ వారం భారం మోయాలంటే ముందే శుభ్రం చేయించాలి. హైదరాబాద్‌లో యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి గంట, గంటన్నరలో ముగించే ప్యాకేజీ సర్వీసుల మీద మా లెక్క ఇదీ: ఐదు మార్కులకు ఫిల్టర్లకు నాలుగు, పొగను లాగే ఫ్యాను అంటే బ్లోయర్‌కు మూడు, పొగను గోడ బయటికి పంపే పైపు అంటే డక్టుకు సున్నా. మంట లోపలికి పాకితే దాన్ని ఆగనివ్వకుండా ముందుకు వ్యాపింపజేసేది ఆ డక్టే.

ఫిల్టర్ల పని బాగానే చేస్తారు. వేడినీళ్లలో క్షారం కలిపి నానబెట్టి, బ్రష్షుతో తోమితే స్టీలు బాఫిల్ (వంపు పలకల) ఫిల్టర్ కొత్తదానిలా వస్తుంది. మీది అల్యూమినియం మెష్ (జాలీ) అయితే మాత్రం కాస్టిక్ సోడా తాకనివ్వకండి. జాలీ నల్లబడి, గుంటలు పడి, తినేసినట్టయిపోతుంది. దానికి వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. ఏ ద్రావణం వాడుతున్నారో డబ్బా చూపించమని ముందే అడగండి.

బ్లోయర్ దగ్గర తొందరపాటు కనిపిస్తుంది. ప్లగ్ తీయకుండానే చెయ్యి పెడితే ఆ మనిషిని అక్కడే ఆపండి. బ్లోయర్ చక్రం సన్నని రెక్కల మధ్య జిడ్డు లేతపాకంలా పేరుకుంటుంది, వేలితో లాగితే తీగ సాగుతుంది. దాన్ని ఊడదీసి కడగాలి. కూర్చున్నచోటే స్ప్రే కొడితే నీళ్లు మోటారు వైండింగులోకి దిగుతాయి. చాలా మోడళ్లలో చక్రం నట్టుకు ఉల్టా మర ఉంటుంది, తెలియనివాళ్లు బలవంతంగా తిప్పి పాడుచేస్తారు. ఒకవైపు జిడ్డు గీకి మరోవైపు వదిలేస్తే బరువు తేడా వచ్చి చక్రం అదురుతుంది, కొన్నాళ్లకు బేరింగు పోతుంది. బిగించాక ఆన్ చేసినప్పుడు గుయ్యిమని శబ్దం వచ్చినా చక్రం తిరగకపోతే, ముందు మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ చూడాలి. మోటారే పోయిందంటే వెంటనే నమ్మకండి.

ఇక డక్టు. ప్యాకేజీలో అది లేదంటారు, లేదా పైకవరు తీసి టార్చి వేసి 'బాగానే ఉంది మేడం' అంటారు. ముడతల అల్యూమినియం పైపులో ప్రతి ముడతా ఒక జిడ్డు కాలువ. మధ్యలో జారి కిందికి వేలాడినచోట నూనె నిలిచి, ఎండి, గట్టి పూతలా తయారవుతుంది. అక్కడిదాకా మంట చేరితే బ్లోయర్ గాలే దాన్ని ఎగదోస్తుంది. ఆ పైపును కడిగించడం దండగ, మార్పించడమే మేలు.

కొత్త పైపు 6 అంగుళాలది తీసుకోండి. చాలా ఫ్లాట్లలో గోడకు 4 అంగుళాల రంధ్రమే ఉంటుంది. 6 నుంచి 4కు కుదిస్తే దారి సగం కంటే తక్కువకు పడిపోతుంది, పొగ వంటింట్లోకే తిరిగొస్తుంది. రంధ్రం పెద్దది చేయించడం దుమ్ముతో కూడిన పనే, అయినా తప్పదు. వంపులు రెండు మించకూడదు. పైపు సాగదీసి బిగుతుగా ఉండాలి. అతుకుకు క్లాంపు, దానిపైన అల్యూమినియం టేపు వేయాలి. బ్రౌన్ టేపు వేడికి ఊడిపోతుంది. పీవీసీ పైపు పెట్టి ఉంటే ఈ పండక్కే తీసేయించండి, అది వేడికి మెత్తబడుతుంది, కాలితే విషపు పొగ. బయటి మూతి దగ్గర పావురాలు పుల్లలు పేర్చి ఉంటాయి. నూనె జిడ్డు పక్కన ఎండుపుల్లలు చాలా ప్రమాదం. జాలీ ఉన్న మూత బిగించాలి.

ఈ పనికి యాప్ ప్యాకేజీ కన్నా డక్టు విప్పి చూసే స్థానిక మెకానిక్కే నయం. పైపు, క్లాంపులు, టేపు ముందే కొని ఉంచితే ఒక్క పూటలో అయిపోతుంది.

బటన్ నొక్కితే తనంతట తానే శుభ్రం చేసుకునే ఆటోక్లీన్ ఉంది కదా అనే ధీమా వద్దు. అందులోని హీటర్ బ్లోయర్ చుట్టూ ఉన్న నూనెను కరిగించి కింద ఉండే నూనె కప్పులోకి దించుతుంది, అంతే. డక్టు జోలికి పోదు. కప్పు నిండి ఉండగా బటన్ నొక్కితే వేడినూనె స్టవ్ మీదకి కారుతుంది. ముందు కప్పు ఖాళీ చేసి, బర్నర్లన్నీ ఆపి, తర్వాతే నొక్కాలి.

వంట రోజున చిమ్నీ ఐదు నిమిషాల ముందు వేసి, అయ్యాక పది నిమిషాలు ఉంచండి. బర్నర్‌కూ ఫిల్టర్‌కూ మధ్య 26 నుంచి 30 అంగుళాల ఎడం ఉండాలి. మూకుడులో నూనె సగానికి మించొద్దు. గిన్నె దించాక మంట అలాగే వదిలేస్తే నాలుక నేరుగా ఫిల్టర్ జిడ్డును తాకుతుంది. పిండివంటలకు 170-180 డిగ్రీలు చాలు. రిఫైన్డ్ వేరుశనగ నూనె సుమారు 230 దగ్గర పొగలెత్తుతుంది, నిన్నటి నూనె అయితే ఇంకా ముందే. పొగ కనబడితే మంట తగ్గించాలే గాని చిమ్నీ స్పీడు పెంచి సరిపెట్టుకోకూడదు.

నూనె అంటుకుంటే గ్యాస్ కట్టేయండి, చిమ్నీ ఆపేయండి, మూకుడు మీద పక్కనుంచి మూత జరపండి. చల్లారేదాకా మూత తీయొద్దు, మూకుడు కదపొద్దు. నీళ్లు అసలు వద్దు. నీరు నూనె అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను ఇంటి పైకప్పుదాకా ఎగజిమ్ముతుంది. మంట డక్టులోకి పాకితే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

గ్యాస్ వాసన వస్తే మాత్రం చిమ్నీ స్విచ్ ముట్టుకోవద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. పైనున్న చిమ్నీ దాన్ని లాగలేదు, స్విచ్ నిప్పురవ్వ మాత్రం చాలు. ఆన్‌లో ఉంటే ఆపడానికి కూడా తాకకండి. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలూ తలుపులూ తీసి, బయటికొచ్చి 1906కు చెప్పండి.

సర్వీసు మనిషి వెళ్లేముందు ఫిల్టర్ దగ్గర కాగితం పెట్టి, గాలి దాన్ని లాగి పట్టుకోవడం చూపిస్తాడు. అది బ్లోయర్ తిరుగుతోందని మాత్రమే చెబుతుంది. డబ్బులిచ్చేముందు ఇంట్లో ఒకరు స్పీడు పెంచుతుంటే మరొకరు యుటిలిటీ బాల్కనీలోకి వెళ్లి గోడ బయటి మూతి చూడండి. ఆ మూతికున్న రెక్క పూర్తిగా లేచి, చేతికి గాలి గట్టిగా తగిలితేనే డక్టు ఖాళీగా ఉన్నట్టు.